నిచ్చెన బాధ తప్పించే నీళ్ల బండి

నర్సంపేట: మిర్చి చేలో మందు కొట్టే బ్యాటరీ పంపు, ప్లాంటు నీళ్లు తెచ్చుకునే 20 లీటర్ల డబ్బా, పాత ఇనుప సామాన్ల దుకాణంలో మూలన పడి ఉండే పిల్లల సైకిలు చక్రాలు. నర్సంపేట చుట్టుపక్కల ఈ మూడూ తెలియని ఊరు లేదు. వీటిని ఒక ఇనుప చట్రం మీద కూర్చితే కిటికీల అద్దాలు కడిగే నీళ్ల బండి తయారవుతుంది. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు, పట్నం నుంచి మిస్త్రీని పిలిపించనక్కరలేదు. వెల్డింగు షాపు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో కిటికీ అంటే చెక్క రెక్కలు, ఇనుప కడ్డీలే. ఏడాదికోసారి పండుగ ముందు తడిగుడ్డతో తుడిస్తే పని అయిపోయేది. ఇప్పుడు రోడ్డు పక్క దుకాణాలకు ముందు భాగమంతా అద్దమే. బ్యాంకులు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లు, ప్రైవేటు బడులు అల్యూమినియం చట్రాల్లో అద్దాలు బిగించుకుంటున్నాయి. పల్లెల్లో కొత్తగా కట్టే డాబాలకూ జరిపే అద్దాల కిటికీలే పెడుతున్నారు. అద్దం పెట్టించిన నాడు అందంగానే ఉంటుంది. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద చిందులు పడ్డాక దాన్ని కడిగే మనిషి కోసం వెతుకులాట మొదలవుతుంది.

సజ్జ మీద ప్రాణం

కింది అంతస్తు అద్దాన్ని ఎవరైనా కడుగుతారు. చిక్కంతా పై అంతస్తుతోనే. ఒక చేత్తో బకెట్టు, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని నిచ్చెన ఎక్కాలి. నిచ్చెన అందకపోతే కిటికీ పై సజ్జ మీద దిగి నిలబడాలి. సబ్బు నీళ్లు పడిన సజ్జ పాచి పట్టిన బావి గట్టులా జారుతుంది. పట్టుకోవడానికి ఆధారం ఉండదు. పది పన్నెండు అడుగుల ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద పడితే నడుము విరగవచ్చు, తలకు తగిలితే ప్రాణమే పోవచ్చు. ఈ పని చేసేవారిలో ఎక్కువ మంది రోజు కూలీలు. కాలు విరిగి మూడు నెలలు మంచాన పడితే ఆ ఇంటికి గడిచే దారి ఉండదు.

నీటి బరువు మరో బాధ. లీటరు నీళ్లు కిలో బరువు. 20 లీటర్ల డబ్బా ఎత్తితే 20 కిలోలు ఎత్తినట్టే. రెండు డబ్బాలు మేడ మీదికి మోస్తే పని మొదలు పెట్టక ముందే నడుము పట్టేస్తుంది. అందుకే చాలామంది అర బకెట్టు నీళ్లతో సరిపెడతారు. అదే మురికి నీటిలో గుడ్డ ముంచి, అదే గుడ్డతో మళ్లీ తుడుస్తారు. ఎండ పడగానే అద్దం మీద చారలు తేలుతాయి. యజమానికి తృప్తి ఉండదు, కూలికి గౌరవం ఉండదు.

మనిషి పైకి వెళ్లకుండా నీళ్లే పైకి వెళ్లే ఏర్పాటు చేస్తే ఈ రెండు బాధలూ తీరతాయి. నీళ్ల బండి వెనుక ఉన్న ఆలోచన అంతే.

ఇతర దేశాల్లో

ఈ ఆలోచన కొత్తది కాదు. అద్దం మీది నీటిని ఒక్క లాగుతో తీసేసే రబ్బరు వైపరుకు నేటి రూపం అమెరికాలో 1930ల్లో వచ్చింది. ఇటలీ నుంచి వలస వెళ్లి కాలిఫోర్నియాలో కిటికీలు తుడుస్తూ బతికిన ఎట్టోరె స్టెకోనె దాన్ని తయారు చేశాడు. అప్పటివరకు వాడిన బరువైన ఉక్కు పనిముట్టును పక్కన పెట్టి, తేలికైన ఇత్తడి పట్టీలో పలుచని రబ్బరు బిగించాడు. పనిముట్టును పని చేసే మనిషే సరిదిద్దుకున్నాడన్నమాట.

బ్రిటన్‌లో ఎత్తు మీద చేసే పనుల భద్రతకు 2005లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. నేల మీద నిలబడి చేయగలిగిన పనికి మనిషిని ఎత్తుకు ఎక్కించరాదన్నది వాటి సారం. అప్పటి నుంచి అక్కడ నిచ్చెనల వాడకం తగ్గి, పొడవాటి కర్ర చివర బ్రష్షు, దానికి నీటి పైపు, కింద నీటి బండి పెట్టుకుని కడిగే పద్ధతి బాగా పెరిగింది. అయితే అక్కడ కంపెనీలు అమ్మే బండ్లు మన లెక్కలో వేలల్లో మొదలై లక్ష దాటుతాయి. మన కూలి మనిషికి అవి అందే ధరలు కావు.

నీటి మోతను తగ్గించే పని ఇంకో చోటా జరిగింది. దక్షిణాఫ్రికాలో 1991లో ఇద్దరు ఇంజనీర్లు 90 లీటర్లు పట్టే గుండ్రని డ్రమ్మును తయారు చేశారు. దానిని నెత్తిన మోయనక్కరలేదు, నేల మీద దొర్లించుకుంటూ పోవచ్చు. నీరు ఎక్కడైనా అదే బరువు. దాన్ని మనిషి ఒంటి మీద నుంచి చక్రం మీదికి దించడమే తెలివి.

అంత దూరం పోనక్కరలేదు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలోనే ఆపినవారు. చీరకు ఆసు పోయడం కోసం రోజూ వేలసార్లు చేయి ఆడించి తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడటం చూశారు. ఏళ్ల తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఒంటి నొప్పిని చూసి ఊరుకోకపోతే పనిముట్టు పుడుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి నిదర్శనం అక్కరలేదు.

చట్రం కట్టే తీరు

అంగుళం చదరపు ఇనుప పైపు 20 అడుగుల నిడివిది ఒక్కటి తెస్తే చట్రానికి సరిపోతుంది. అడుగు భాగం 23 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉండాలి. దాని మీద రెండు నీళ్ల డబ్బాలు పక్కపక్కన కుదురుగా నిలుస్తాయి. అడుగున రెండు అడ్డ కమ్ములు వేస్తే బరువు ఆగుతుంది. వెనుక వైపు 36 అంగుళాల నిలువు కమ్ములు రెండు, వాటి పైన పట్టుకోవడానికి ఒక అడ్డ కమ్మి, నడుమ బలం కోసం ఇంకొకటి. ముందు వైపు ఆరు అంగుళాల కాళ్లు రెండు. అన్నీ కలిపితే 19 అడుగులకు లోపే.

చక్రాలు 12 అంగుళాలవి అయితే మేలు. చిన్న పిల్లల సైకిలు చక్రాలు ఇందుకు అతికినట్టు సరిపోతాయి. మరీ చిన్న చక్రాలు గడప దగ్గర, కంకర రోడ్డు మీద మొరాయిస్తాయి. ఇరుసు చట్రానికి వెనుక అంచు కింద, నిలువు కమ్ముల వరుసలో ఉండాలి. బండిని వెనక్కి వంచగానే నీళ్ల బరువంతా చక్రాల మీదికి వస్తుంది, చేతి మీద పడదు. ఇరుసు ముందుకు జరిగితే బండి నిలవదు. మరీ వెనక్కి పోతే వంచడానికి బలం చాలదు. అందుకే ఇరుసును ముందుగా తాడుతో కట్టి, డబ్బాలు పెట్టి, వంచి చూసి, ఆ తరువాతే వెల్డింగు పెట్టించాలి.

చక్రాలతో కలిపి మొత్తం వెడల్పు 28 అంగుళాలు దాటకూడదు. ఇళ్ల లోపలి తలుపులు చాలావరకు రెండున్నర అడుగులవే. దాటితే బండి బయటే ఆగిపోతుంది. డబ్బాలు దొర్లకుండా పాత సైకిలు ట్యూబును నడుముకు బిగించి కట్టాలి. చివరగా రంగు వేయించాలి. నీళ్ల దగ్గర తిరిగే ఇనుముకు రంగు లేకపోతే రెండు వానాకాలాల్లో తుప్పు తినేస్తుంది.

నీటి తొట్టి కోసం వేరే ఖర్చు లేదు. ప్లాంటు డబ్బానే తొట్టి. ఒకటి అయిపోతే పైపు తీసి రెండో దానిలో వేయడమే. ఖాళీ డబ్బాలు నింపించుకు రావడానికి కొద్ది రూపాయలు చాలు. ఈ డబ్బాలను బండికే కేటాయించాలి. తాగే నీళ్లకు మళ్లీ వాడరాదు.

మందు కొట్టిన పంపు వద్దు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. మిర్చి, పత్తి చేలలో పురుగు మందు కొట్టిన పాత పంపును ఈ బండికి వాడరాదు. ఎన్నిసార్లు కడిగినా రబ్బరు పొరల్లో, పైపు గోడల్లో మందు అంటుకునే ఉంటుంది. ఆ నీళ్లు కిటికీ మీద నుంచి కారి పసిపిల్లలు చేతులు పెట్టే చోట, వంటింటి గట్టు మీద, పని చేసే మనిషి ముఖం మీద పడతాయి. ఖర్చు తగ్గుతుందని విషాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడం తెలివి కాదు. చట్రానికి, చక్రాలకు పాత సామాను ఎంతైనా వాడుకోవచ్చు. పంపు, పైపులు మాత్రం కొత్తవే కావాలి.

బ్యాటరీ పంపు మొత్తం కొంటే మామూలుగా రెండు మూడు వేల రూపాయలు అవుతుంది. దానిలోని చిన్న మోటారు పంపు, బ్యాటరీ, చార్జరు విడిగానూ దొరుకుతాయి. పంపులు బాగు చేసే దుకాణంలో అడిగితే ఇస్తారు. గుళ్ల రోజుల్లో నాలుగు చేతులు మారే పనిముట్టు కనుక విడి భాగాలకు నర్సంపేటలో కొదవ లేదు. రేపు చెడిపోయినా బాగుచేసే మనిషి దగ్గరే ఉంటాడు. కంపెనీ బండికి లేని సౌకర్యం ఇదే.

పంపు, బ్యాటరీల లెక్క

ఈ పంపుకు అంత శక్తి ఉందా అన్న అనుమానం సహజం. నీటిని పది మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో ఒత్తిడి చాలు. మొదటి అంతస్తు కిటికీ నేల నుంచి అయిదు మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే అర కిలో ఒత్తిడి. మందు పంపులు అంతకు ఎన్నో రెట్ల ఒత్తిడి ఇవ్వగలవు. అద్దానికి ధార బలం కన్నా బ్రష్షు రాపిడి ముఖ్యం. నీరు మురికిని జార్చుకుపోతే చాలు.

నిమిషానికి లీటరు చొప్పున వదిలితే ఒక డబ్బా 20 నిమిషాలు వస్తుంది. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న దుకాణం అద్దానికి మూడు నిమిషాల ధార సరిపోతే మూడు లీటర్లతో పని తీరుతుంది. చెంబుతో చల్లి కడిగేదానికన్నా నీటి పొదుపు కూడా.

పన్నెండు వోల్టుల, ఎనిమిది ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద మూడు ఆంపియర్లు లాగే పంపు కాగితం లెక్కన రెండున్నర గంటలకు పైగా నడవాలి. కానీ బ్యాటరీని పూర్తిగా పిండితే తొందరగా చస్తుంది. గంటన్నర దగ్గర ఆపి చార్జింగు పెట్టడం మంచిది. కుళాయి మూసినప్పుడు పంపు దానంతట అదే ఆగే ప్రెషర్ స్విచ్ ఉన్నదే ఎంచుకోవాలి. అప్పుడు పైన కట్టేస్తే కింద ఆగిపోతుంది, నీళ్లూ బ్యాటరీ రెండూ మిగులుతాయి.

వైరింగు సులువే. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు, అక్కడ నుంచి స్విచ్, అక్కడ నుంచి పంపు. మైనస్ నేరుగా పంపుకు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. లేకపోతే నలిగిన తీగ నిప్పంటుకునే ప్రమాదం ఉంది. బ్యాటరీని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నీటి డబ్బాల మూతి కన్నా వెనుకగా, నిలువు కమ్ములకు కట్టాలి. ఇంటి కరెంటుతో చార్జింగు పెట్టి ఉన్నప్పుడు బండిని నడపరాదు. తడి చేతుల దగ్గరకు ఇంటి కరెంటు రాకూడదనే కదా బ్యాటరీ పెట్టుకున్నది. డబ్బాలోకి వేసే పైపు చివర జల్లెడ తప్పనిసరి. చిన్న ఇసుక రేణువు చిక్కినా పంపు కవాటం మూసుకోదు.

నీటిలోనే ఉంది కిటుకు

బోరు నీళ్లతో కడిగిన అద్దం ఆరాక తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. అది కడగడంలో లోపం కాదు. నీటిలో కరిగి ఉన్న లవణాలు నీరు ఆవిరైపోయాక అక్కడే మిగులుతాయి. చాయ గిన్నె అడుగున, హీటరు కడ్డీ మీద పేరుకునే తెల్లటి పొర కూడా ఇదే. తాగునీటిలో ఈ లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉంటే మేలని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. అద్దం తుడవకుండానే చుక్క లేకుండా ఆరాలంటే పది మిల్లీగ్రాములకు మించకూడదు. అంత శుద్ధమైన నీరు ప్లాంటులోనూ దొరకదు. ప్లాంటు నీళ్లలో బోరు నీళ్ల కన్నా లవణాలు చాలా తక్కువే కానీ, రుచి కోసం కొంత ఉంచుతారు.

అందుచేత ప్లాంటు నీళ్లతో కడిగి, చివరలో రబ్బరు వైపరుతో పైనుంచి కిందికి లాగాలి. పై అంతస్తుకు ఆ వైపరును కూడా బొంగు కర్రకు కట్టుకోవచ్చు. వాన నీళ్లు ఇంకా మేలు. మొదటి రెండు వానలు కప్పు మీది దుమ్మును కడిగేశాక, శుభ్రమైన స్లాబు మీది నీటిని గుడ్డతో వడగట్టి డబ్బాల్లో పట్టుకుంటే, చివరి కడుగుకు అంతకన్నా మంచి నీరు లేదు. పాకాల చెరువును తవ్వించిన కాకతీయుల నాటి నుంచి ఈ నేల మీద వాన నీటిని ఆపుకోవడం తెలిసిన విద్యే.

ముందే గట్టిపడిన తెల్లటి మచ్చలను నిమ్మరసం కలిపిన నీళ్లు మెత్తబరుస్తాయి. అయితే కిటికీ కింద షాబాద్ బండగాని, తాండూరు బండగాని ఉంటే పులుపు నీళ్లు పడనీయరాదు. అవి సున్నపు రాయి జాతివి. పులుపు తగిలితే నునుపు పోయి మచ్చ పడుతుంది.

కడిగే పద్ధతి

పొద్దున్నే గాని, నీడ పడ్డాక గాని పని పెట్టుకోవాలి. ఎండలో అద్దం కాలి ఉంటే నీళ్లు తుడిచేలోపే ఆరిపోతాయి. మొదట పొడి బ్రష్షుతో దోమల జాలి, చట్రం మూలలు దులపాలి. తరువాత బక్కెట్టులో రెండు చుక్కల షాంపూ కలిపిన నీటితో రుద్దాలి. ఆ పైన బండి నీళ్లతో కడగాలి. పని ఎప్పుడూ పై నుంచి కిందికే. సిమెంటు చుక్కలు, సున్నం ఉంటే బ్లేడుతో గీకే ముందు బాగా తడపాలి. పొడి అద్దం మీద గీకితే గీతలు శాశ్వతంగా ఉండిపోతాయి.

మొదటి అంతస్తుకు 12 అడుగుల ఎండిన వెదురు బొంగు సరిపోతుంది. మనిషి చేయి ఎత్తుతో కలిపి 16 అడుగుల దాకా అందుతుంది. అంతకన్నా పొడవైతే కర్ర ఊగి అద్దానికి తగులుతుంది.

తీగలతో చెలగాటం వద్దు

ఎండిన వెదురుకు కరెంటు అంతగా పాకదు. తడిసిన వెదురు పాకుతుంది. నీటి పైపు చుట్టిన కర్ర ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఇనుప, అల్యూమినియం గొట్టమైతే చెప్పనే అక్కరలేదు. మన వీధుల్లో 11 వేల వోల్టుల తీగలు మేడల పక్కనుంచే పోతుంటాయి. ఇంటికి వచ్చే సర్వీసు తీగ కిటికీ పక్కనే వేలాడుతుంటుంది. తీగకు కర్ర పది అడుగుల లోపు వచ్చే అవకాశం ఉన్న అద్దాన్ని కడగరాదు. యజమాని ఎంత కూలి ఇస్తానన్నా వద్దనే చెప్పాలి. నిచ్చెన మీద నుంచి పడకుండా తప్పించిన బండి తీగ పాలు చేస్తే దాని వల్ల ప్రయోజనం ఏముంది? గాలివాన ఉన్న రోజున పని పెట్టుకోకపోవడమే క్షేమం.

ఎవరికి ఉపయోగం?

ఈ ప్రాంతపు చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మిర్చి ఏరివేత ముగిశాక ఎండాకాలంలో కూలీలకు పని తగ్గుతుంది. పత్తి విత్తనాలు పడేదాకా ఖాళీయే. దుమ్ము ఎక్కువగా లేచేదీ, పెళ్లిళ్లు ఎక్కువగా జరిగేదీ ఆ నెలల్లోనే. ఫంక్షన్ హాళ్లకు, దుకాణాలకు అద్దాల పని అప్పుడే ఎక్కువ. ఇద్దరు కలిసి ఒక బండి చేయించుకుంటే, ఒకరు కింద పైపు, డబ్బాలు చూసుకుంటే ఒకరు కర్ర పట్టుకోవచ్చు. పని ఉన్న చోటికి బండిని ఆటోలో వేసుకుపోవచ్చు.

నెలవారీగా దుకాణాలతో మాట్లాడుకుంటే రాబడి నిలకడగా ఉంటుంది. కూలి మాట్లాడుకునేటప్పుడు రోజు లెక్కన కాక అద్దాల లెక్కన మాట్లాడుకోవడం మేలు. బండి వల్ల పని తొందరగా అయితే ఆ లాభం పని చేసినవారికే దక్కాలి. పెట్టుబడి చిన్నది కనుక వడ్డీ అప్పు జోలికి పోవద్దు. తప్పదనుకుంటే 2015లో వచ్చిన ముద్ర పథకం కింద 50 వేల రూపాయల లోపు రుణాలకు బ్యాంకుల్లో శిశు విభాగం ఉంది. మహిళా సంఘాలవారూ ఆలోచించవచ్చు. బరువు చక్రాల మీద ఉంది కనుక ఈ పనికి ఆడ, మగ తేడా లేదు.

పని లేని నెలల్లోనూ బండిని మరిచిపోరాదు. పంపులోని నీళ్లన్నీ వదిలేసి ఆరబెట్టాలి. బ్యాటరీకి నెలకోసారి చార్జింగు పెట్టాలి. చక్రాల ఇరుసుకు చుక్క నూనె వేయాలి.

అద్దాల మేడలు కట్టించుకునే యజమానులకూ ఒక బాధ్యత ఉంది. కిటికీ ఎక్కడ పెట్టాలో ప్లాను గీసేటప్పుడే, రేపు దాన్ని కడిగే మనిషి ఎక్కడ నిలబడతాడో కూడా ఆలోచించాలి. లోపలి నుంచి తీసి కడుక్కునే రెక్కలు పెట్టించుకుంటే సగం పని తప్పుతుంది. మిగిలిన సగానికి సజ్జ మీదికి కుర్రాణ్ణి ఎక్కించే అలవాటు మానుకుని, బండితో వచ్చిన మనిషికి నేల మీద పది అడుగుల చోటు, ఒక బకెట్టు నీళ్లు ఇస్తే చాలు.